రెక్క ముక్కల మేడం

ఆవిడ పోయిందన్న కబురు నాకు కాలేజీ నుంచి రాలేదు, పేపర్లోనూ కనబడలేదు. చేపల బజార్లో తెలిసింది. రొయ్యలు కొందామని వెళ్తే, ఎప్పుడూ మూల కొట్లో కూర్చునే ముసలావిడ కత్తిపీట మీంచి చెయ్యి తీసి, రెక్క ముక్కల మేడం గారు రాజమండ్రిలో పోయారంటగా మాస్టారూ అని అడిగింది. నాకు తెలియదన్నాను. మీ కాలేజీయేగా అంది. అవునన్నాను. రొయ్యలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఇలాంటప్పుడు దుఃఖం రావాలి. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఆవిడకి జరిగినదాని మీద. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపమే ఉంది. కాబట్టి చక్కటి నివాళి చదువుదామని కూర్చున్నవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను.

ఆవిడది జువాలజీ, నాది తెలుగు. పాలకొల్లు రోడ్డు మీద మా కాలేజీ. వాళ్ళ ల్యాబుకీ మా తెలుగు శాఖకీ మధ్య ఒక చెక్క తడిక లాంటి గోడ ఉండేది. వాళ్ళ ఫార్మలిన్ వాసన మాకు, మా పద్యాలు వాళ్ళకి అడ్డు లేకుండా వెళ్ళేవి. నేను చేరేనాటికే ఆవిడకి ఊళ్ళో ఆ పేరు స్థిరపడిపోయింది. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉండేది కాదు గానీ కత్తెర ఉండేది, ఫోర్సెప్స్ ఉండేవి, మూతలున్న బుల్లి ప్లాస్టిక్ గొట్టాలు గలగల్లాడుతూ ఉండేవి. బజారుకెళ్ళి గంపల్లో చేపల్ని స్వయంగా తిరగేసేది. మార్పు చేప కనబడితే చాలు, దాని రెక్క అంచు గోరంత కత్తిరించి గొట్టంలో వేసుకుని, పెన్సిలుతో ఏదో రాసుకుని, ఆ చేపను కూడా కొనేసేది. శాంపిల్ రెక్క వరకే, మిగతాది పులుసు అనేది. సాయంత్రం బస్సులో ఆవిడ పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నిలబడ్డవాళ్ళు కూడా కూర్చునేవాళ్ళు కాదు.

మార్పు అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు కనక చెబుతున్నాను. పొలుసు లేని నల్లటి చేప. మూతికి మీసాలుంటాయి. బురదలో బతుకుతుంది, నీళ్ళు ఇంకిపోయినా గాలి పీల్చుకుని ప్రాణం నిలుపుకుంటుంది. తొలకరి వానలు పడితే, పొలాల మురుగునీళ్ళు పోయే డ్రైనులోంచి గట్టెక్కి, తడి గడ్డి మీద పాకుతూ వరి చేలోకి పోతుంది. రొమ్ము దగ్గర రెక్కకి ముల్లుంటుంది. గుచ్చుకుందంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. ఆవిడ రెండు చేతుల వేళ్ళ మీదా ఆ మచ్చలు ఉండేవి.

మా చిన్నతనంలో పొలం గట్టు పక్క ఏ బోదె కాలవలో చెయ్యి పెట్టినా దొరికిన ఆ చేప తొంభైల్లో కనబడటం మానేసింది. చేలు చెరువులైపోయాయి. చెరువులు కాని చేలల్లో పురుగుమందు, డ్రైనుల్లో ఫ్యాక్టరీల నీళ్ళు. ఇవన్నీ చాలవన్నట్టు, ఆఫ్రికా నుంచి దాని దూరపు చుట్టం ఒకటి దిగింది. కోళ్ళ ఫారాల్లో పారేసిన పేగులు తిని, మనం చూస్తుండగానే మోకాలంత పొడుగు పెరిగేది. పక్కనున్న చేపల్నీ తినేది. దాన్ని పెంచకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. నిషేధం పెట్టాక ఇంకా బాగా పెంచారు.

ఆవిడ కోపం సంగతి చెప్పాలి. మామూలు మనుషులకి కోపం వస్తే గొంతు పెరుగుతుంది, మర్యాద తగ్గుతుంది. ఆవిడకి గొంతు తగ్గి మర్యాద పెరిగేది. మామూలుగా 'నువ్వు' అనే అటెండర్ని కోపం వస్తే 'మీరు' అనేది. ప్రతి మాటకీ ఒక 'అండి' తగిలించేది. స్టాఫ్ మీటింగులో ఆవిడ నోటి నుంచి వరసగా అండీలు రావడం మొదలైతే, పక్కవాళ్ళు కుర్చీలు కొంచెం వెనక్కి జరుపుకునేవాళ్ళు. పిల్లల్ని మాత్రం ఎప్పుడూ అండి అనలేదు. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పబోతే, చదివింది చెప్పకు, చూసింది చెప్పు అని చేపని చేతిలో పెట్టేది. మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే, ఉన్నారు, బాగున్నారు అని ఒక్క ముక్కలో తేల్చేసి, మీ ఊరి డ్రైనులో మార్పులు పడుతున్నాయా అని ఎదురు అడిగేది.

నాతో స్నేహం మాటల కోసం కుదిరింది. ఒకరోజు తడిక అవతలి నుంచి వచ్చి, మాస్టారూ, నాకు తెలుగు కావాలి అంది. ఏ తెలుగు అన్నాను. రైతులకి చెప్పే తెలుగు అంది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని తన పని ఏమిటో మొదటిసారి నాకు చెప్పింది. ప్రాణి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు రకాల రాత ఉంటుందట. పెద్ద రాత అమ్మా నాన్నా చెరి సగం ఇస్తారు. రెండోది చిన్నది, మైటోకాండ్రియా అనే నలుసులో ఉంటుంది. అది ఒట్టి అమ్మ ఇచ్చేదే. నాన్న దాంట్లో వేలు పెట్టడు. అమ్మకి వాళ్ళమ్మ, ఆవిడకి వాళ్ళమ్మ, అలా ఆడవాళ్ళ చేతుల మీదుగా పెద్దగా చెక్కు చెదరకుండా వస్తుంది. ఎక్కడో చాలా కాలానికి ఒక అక్షరం మారుతుంది. ఆ మారిన అక్షరాలు పోల్చుకుంటూ వెళ్తే ఏ చేపకి ఏ చేప ఏమవుతుందో, ఎప్పుడు విడిపోయారో తెలుస్తుంది. గోదావరి డెల్టా మార్పుకి దగ్గర చుట్టాలు బెంగాల్ వైపు ఉన్నారా, కేరళ వైపు ఉన్నారా, లేక ఇక్కడిది ఇక్కడిదేనా అన్నది ఆవిడ తేల్చదలుచుకున్న విషయం. ఆఫ్రికా దానికీ మనదానికీ తాత ఒకడేనట, కానీ ఆ తాత ఎన్ని కోట్ల ఏళ్ళ కిందటివాడో.

నేను రెండు రోజులు నిఘంటువులు తిరగేసి 'మాతృదాయ తంతుకణిక' అని రాసిచ్చాను. ఆవిడ చదివి కాగితం నాకే ఇచ్చేసింది. దీన్ని నోట్లో పెట్టుకుంటే ముల్లు గుచ్చుకుంటుంది మాస్టారూ అంది. తర్వాత కావలసిన మాట ఆవిడకే తట్టింది. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మనవాళ్ళు ఏం పట్టుకుని చుట్టరికాలు తవ్వుతారు అని నన్నే అడిగి, నేను జవాబు చెప్పేలోపు తనే, ఇంటిపేరు అంది. మనకి ఇంటిపేరు నాన్నది. చేపకి అమ్మది. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే ఆ రోజంతా తడిక అవతల నుంచి వినిపిస్తూనే ఉంది. నాక్కూడా నచ్చింది. ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన నాకు తట్టలేదే అని కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

తర్వాత ఊళ్ళల్లో రైతు సమావేశాలకి వెళ్ళి ఆ మాటతోనే చెప్పేది. మగవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒక ఊళ్ళో చేపలమ్మే ఆవిడ మాత్రం నవ్వకుండా విని, అయితే మా పేరు చేపల్లోనన్నా నిలబడిందన్నమాట అంది. ఆ ముక్క మేడం తర్వాత చాలామందికి చెప్పింది.

పని ఏమీ సాఫీగా సాగలేదు. రెక్క ముక్కలు పాడవకుండా ఉండాలంటే మంచి స్పిరిట్ కావాలి. దానికి ఎక్సైజు వాళ్ళ అనుమతి కావాలి, దానికి ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఆ సంతకం ఏ వారానికా వారం వచ్చే వారమే. అడిగినప్పుడల్లా ఆయన, యానాం నుంచి తెప్పించుకోండి మేడం, అక్కడ మందు చవగ్గా దొరుకుతుంది అని జోకు వేసేవాడు. ఆ జోకుని జోకనుకోని మనిషి ఒకడున్నాడు, మా అటెండరు. మేడం అంటే అతనికి ప్రాణం. ఆవిడ సెలవులో ఉండగా స్పిరిట్ అయిపోతే, యానాం వెళ్ళొచ్చే చుట్టం చేత సీసాలు తెప్పించి, ఆ సీజన్లో తెచ్చిన ముక్కలన్నీ అందులో వేశాడు. సగానికి సగం నీళ్ళుండే సరుకు అది. ఆవిడ వచ్చి మూతలు తీసేసరికి ముక్కలు మెత్తబడి, రాత చెడిపోయి, దేనికీ పనికిరాకుండా ఉన్నాయి. అతను చేతులు కట్టుకుని, ఆయ్, ప్రిన్సిపాల్ గారు చెప్పారు కదండీ అన్నాడు. ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. సీసాలు తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద వరసగా పెట్టి, తమరి కాలేజీ స్పిరిట్ ఇదండి, తమరే ఉంచుకోండి అని వచ్చేసింది. వానాకాలం మార్పులు మళ్ళీ వానాకాలానికే కదా, ఏడాది పోయింది. సంతకం మాత్రం మర్నాడే వచ్చింది.

ఆ తర్వాత వచ్చాడు హేచరీ పెద్దమనిషి. పేరెందుకు, ఆ చుట్టుపక్కల అతను తెలియనివాళ్ళు లేరు. చేప పిల్లల్ని పుట్టించి చెరువులవాళ్ళకి అమ్మే హేచరీ అతనిది. మా కాలేజీ కమిటీలో కూడా ఉన్నాడు. తెల్ల చొక్కా, నెమ్మదైన మాట, ఎదుటివాళ్ళు నిలబడితే తను కూర్చోని మర్యాద. ఒక ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, బొటనవేలంత పిల్లల్ని తెచ్చి, నాటు మార్పు సీడ్ తీస్తున్నామండి, తమరు పరీక్ష చేసి చెప్పాలండి అన్నాడు. నాటు మార్పు మళ్ళీ చెరువుల్లోకి వస్తుందంటే ఆవిడ మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. దసరా సెలవుల్లో ఆ ముక్కలు పట్టుకుని హైదరాబాదులో తను పని చేసుకునే ల్యాబుకి వెళ్ళింది.

తిరిగొచ్చాక అతన్ని పిలిచి, నా ముందే చెప్పింది. తల్లి వైపు రాత మనదే. తండ్రి వైపు ఈ పరీక్ష చెప్పలేదు, దానికి వేరే పరీక్ష ఉంది. మీ మగ చేపల్ని ఒకసారి చూపిస్తే అదీ చేస్తాను. చెప్పింది చెప్పినట్టు, ఎక్కడా మింగకుండా చెప్పింది. అతను చేతులు జోడించి, ఇంటిపేరు మనదేనంటారు కదండీ, అది చాలండి అన్నాడు. ఆవిడ చాలదండి అంది. అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి హేచరీ ప్రహరీ గోడ మీద నీలం రంగు అక్షరాలు వెలిశాయి. 'ఇంటిపేరు గల నాటు మార్పు పిల్లలు ఇచ్చట దొరుకును. డీఎన్‌ఏ పరీక్ష చేయబడినవి.' కింద కాలేజీ జువాలజీ మేడం గారి హామీ అని. బస్సులో వెళ్తూ నేనే ముందు చూశాను.

మా ప్రాంతంలో ఇంటిపేరు అంటే ఒట్టి పేరు కాదు. ఫలానావారి పిల్లాడు అంటే ఇంక అడగాల్సింది లేదు. సంబంధం ఖాయమైపోతుంది, అప్పు పుడుతుంది, ఎన్నికల్లో సీటు కూడా వస్తుంది. ఇంటిపేరు మంచిదంటే మనిషి నికార్సయినవాడని అర్థం. ఆవిడ ఆ మాట తీసుకున్నది సగం రాత గురించి. రైతులు విన్నది మొత్తం మనిషి గురించి. అది రైతుల తప్పని నేననను, వాళ్ళు మాటని అది ఎలా వాడుకలో ఉందో అలాగే విన్నారు. కానీ ఆ తెల్లచొక్కా మనిషికి తేడా తెలుసు. తెలిసే సగం పట్టుకుని గోడ మీద రాశాడు. దీన్ని నేను ఇప్పటికీ క్షమించను.

మర్నాడు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని హేచరీకి వెళ్ళింది. అతను ఎదురొచ్చి కుర్చీలు వేయించి, కాఫీ చెప్పాడు. కాఫీ వద్దండి, మగ చేపల్ని చూపించండి అంది. ముందు కాఫీ తీసుకోండి అన్నాడు. ఆవిడ లేచి, అడక్కుండానే వెనక షెడ్డు వైపు నడిచింది. నేనూ వెళ్ళాను. ముందు తొట్లలో సన్నగా, నల్లగా మన ఆడ మార్పులు ఉన్నాయి. వెనక షెడ్డులో తలుపేసిన గదిలో సిమెంటు తొట్టి. అందులో ఆఫ్రికావి, మగవి, బల్లపరుపు తలకాయలతో, ఒంటి మీద బూడిద రంగు మరకలతో, ఒక్కొక్కటీ నా చేయంత ఉన్నాయి. మన ఆడదాని గుడ్లు తీసి దీని విత్తు కలుపుతున్నారు. పుట్టే పిల్లలు తొందరగా పెరుగుతాయి, చిన్నగా ఉన్నప్పుడు చూపులకి తల్లిలానే ఉంటాయి. పరీక్షకి పంపితే తల్లి ఇంటిపేరే చెబుతాయి.

అతను వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమాత్రం తడబడలేదు. అదే నెమ్మదైన గొంతుతో అన్నాడు.

"మేడం గారండి, బిడ్డకి తల్లెవరో ఊరంతా చూస్తుందండి. తండ్రెవరని అడగడం పద్ధతి కాదండి."

నాకు ఒళ్ళు మండింది. ఎంత తెలివైన మాట. మన పరువులన్నీ, మన నోరుమూసుకోవడాలన్నీ తీసుకొచ్చి చేపల తొట్టికి మూత పెట్టేశాడు.  ఆవిడ బయటికి నడిచింది. షెడ్డు పక్కన దోనెకి తారు పూస్తున్నారు. డబ్బా, కుంచె అక్కడే ఉన్నాయి. ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని, ఆ డబ్బా ఎత్తుకుని, గేటు దాటి ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళింది. పనివాళ్ళు వారించలేక, వారించకుండా ఉండలేక వెంట నడిచారు. హామీ అన్న వరస మీద పూస్తుందనుకున్నాను. దాని జోలికి వెళ్ళలేదు. పైనున్న 'ఇంటిపేరు' అన్న ఒక్క మాట మీద కుంచె అద్ది, అక్షరం అక్షరం నల్లగా పూసేసింది. రోడ్డు మీద బస్సు ఆగింది. కిటికీల్లోంచి జనం తొంగి చూశారు.

"ఈ మాట నాదండి. మీకు ఇచ్చింది కాదండి. నా మాట నేను తీసుకుపోతున్నానండి."

అంతే అంది. నడుస్తుంటే చేతుల నుంచి తారు కారుతోంది. బస్సులో కండక్టరు టిక్కెట్టు ఆవిడ చేతికి ఇవ్వలేక నాకిచ్చాడు. ఆ సాయంత్రం కూడా పక్క సీటు ఖాళీగానే ఉంది. నేను కూర్చున్నాను. ఆవిడ వేళ్ళ మీద తారు గీక్కుంటూ, ఇంకో మాట వెతకాలి మాస్టారూ అంది. ఆ తర్వాత ఎన్ని మాటలు వెతికామో. ఏదీ కుదరలేదు.

కాలేజీ ఏం చేసిందంటే, ఆవిడకి మెమో ఇచ్చింది. కమిటీ సభ్యుడి ఆస్తికి నష్టం కలిగించారని. గోడ మీద ఆవిడ హోదాని అనుమతి లేకుండా వాడుకున్నవాడికి ఏ మెమో లేదు. అతనే పెద్ద మనసు చేసుకుని, పోనివ్వండి, మేడం గారు మా మనిషేనన్నాడట. ప్రిన్సిపాల్ గారు ఆ సంగతి స్టాఫ్ రూములో చెప్పి మెచ్చుకున్నాడు. గోడకి కొత్తగా సున్నం వేసి మళ్ళీ రాయించారు. ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవి.

ఆవిడ ఊరుకోలేదు. మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్ళింది, కలెక్టరాఫీసుకి వెళ్ళింది, నిషేధం ఉన్న చేప ఫలానా చోట ఉందని చెప్పింది. తిరిగి తిరిగి చివరికి ఒక దాడికి రోజు కుదిర్చారు. ఆ రోజు కుదిరిన సంగతి ఆవిడకన్నా ముందు అతనికి తెలిసింది. జీపులు వచ్చేసరికి తొట్లు కడిగేసి ఉన్నాయి, హేచరీ వెనకున్న చెరువులు రెండూ ఒట్టి బురద. అధికారులు బురద మీద బ్లీచింగు చల్లించి, ఆవిడని కూడా పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లో నిషేధిత చేపల చెరువులు ధ్వంసం అని వచ్చింది. స్టాఫ్ రూములో అందరం ఆవిడకి అభినందనలు చెప్పాం. 

చేపలు ఎక్కడికి పోయాయో ఆవిడకి అప్పటికే తెలుసు. చెరువు గట్టుకి గండి కొట్టి మొత్తం డ్రైనులోకి వదిలేశారు. ఆఫ్రికావి, కలిపి పుట్టించినవి, అన్నీ. పట్టుబడకుండా ఉండటానికి అంతకన్నా సుళువు ఇంకోటి లేదు. ఆ డ్రైను ఏదో కాదు. చుట్టుపక్కల అసలు మార్పు ఇంకా మిగిలి ఉందని ఆవిడ ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా కాపాడుకొస్తున్న డ్రైనే. హేచరీకి ఆడ చేపలు కూడా అక్కణ్ణుంచే పట్టుకెళ్ళేవాళ్ళట. ఆవిడ ఫిర్యాదు చెయ్యకపోతే ఆ చేపలు చెరువులోనే ఉండేవి. ఈ ముక్క ఆవిడ నాతో అన్నప్పుడు నేను కాదన్నాను, చాలా గట్టిగా కాదన్నాను. గండి కొట్టింది ఎవరండీ, మీరా అన్నాను. కాదు కదా అంది. కానీ ఆ తర్వాత ఆవిడ మనిషి కొంచెం వంగింది.

తర్వాత రెండు మూడు వానాకాలాలు ఆ డ్రైను వెంబడి తిరిగింది. నేనూ కొన్నిసార్లు వెళ్ళాను. వల వేసేవాళ్ళ దగ్గర కూర్చుని, పడిన ప్రతి మార్పునీ చేతిలోకి తీసుకుని, తల వెనక ఎముక అంచు వేలితో తడిమేది. మనదానికి ఆ అంచు ఒకలా ఉంటుంది, ఆఫ్రికాదానికి ఒకలా. ఇవి రెండూ కాకుండా ఉన్నాయి. అయినా రెక్క ముక్కలు తీసింది, సెలవుల్లో హైదరాబాదు వెళ్ళింది. రిటైరయ్యే ముందు చివరిసారి వెళ్ళొచ్చిన రోజు నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఏం తేలింది అన్నాను.

"అన్నీ మనవేనని తేలిందండి" అంది. "తీసిన ప్రతి ముక్కా. తల్లి వైపు చుక్క మచ్చ లేదండి."

అండి అంటోందంటే కోపంలో ఉందన్నమాట. ఎవరి మీదో నాకు తెలియలేదు. మళ్ళీ తనే అంది.

"నేను కనిపెట్టిన పరీక్షలా మురిసిపోయాను కదా మాస్టారూ. రేపు ఎవరో వచ్చి ఇదే పరీక్ష చేసి, గోదావరి మార్పుకి ఏమీ కాలేదు, బ్రహ్మాండంగా ఉంది అని రాసుకుపోతారు. పేరు అలాగే ఉంది. చేప లేదు."

నేను కాఫీ తెప్పించాను. ఆ కాఫీ ఆవిడ తాగలేదు. డెల్టా మార్పు ఎవరికి చుట్టమో అప్పటికి ఆవిడకి దాదాపు తేలిపోయింది. ఇక్కడిది ఇక్కడిదేనని, బెంగాల్ వాళ్ళ నుంచి ఎప్పుడో విడిపోయి విడిగా కాపురం పెట్టిన వంశమని ఆవిడ నమ్మకం. దాన్ని అచ్చు వేయించమంటే, లేని చేప గురించి గొప్పలు రాయమంటారా అంది. రిటైరయ్యి రాజమండ్రి వెళ్ళిపోయింది. ఉత్తరాలు రాసే మనిషి కాదు, ఫోనులో మాట్లాడితే రెండు నిమిషాలు.

ఆవిడ పోయిన పది రోజులకి కాలేజీలో సంతాప సభ పెట్టారు. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ. ఒక పక్క ఆవిడ ఫొటో, ఇంకో పక్క ఆవిడ జీవితమంతా పరిశోధించిన చేప అని ఒక చేప బొమ్మ. బల్లపరుపు తలకాయ, ఒంటి మీద బూడిద మరకలు. ఆఫ్రికాది. ఇంటర్నెట్లో దొరికినదేదో పెట్టేశారు. జువాలజీ శాఖ వాళ్ళే పెట్టారు. వేదిక మీద మధ్య కుర్చీలో తెల్లచొక్కా. అతను లేచి, మా సీడ్‌కి డీఎన్‌ఏ పేరు తెచ్చిన మహాతల్లి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత, సహోద్యోగిగా రెండు ముక్కలు మాట్లాడమని నన్ను పిలిచారు.

నేను రెండు ముక్కలే మాట్లాడాను. ఆ బొమ్మలో ఉన్నది ఆవిడ చేప కాదని, ఆవిడ చేపని పోగొట్టిన చేప అదని, పోగొట్టినవాళ్ళలో ఒకరు ఈ వేదిక మీదే ఉన్నారని అన్నాను.  తెల్లచొక్కా మనిషి తల వంచుకుని, బాధతో ఉన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. కొత్త ప్రిన్సిపాల్ లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కిందికి దింపుతూ, "ఆవేశపడకండి మాస్టారూ, ఫొటో కాస్త మారితే ఏమైంది, చేపే కదా" అన్నాడు. ఆ చెయ్యి విదిలించుకుని బయటికి వచ్చేశాను.

గేటు దాటుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. ముప్పై ఏళ్ళవాడు, చెరువులు చేసుకునే మనిషి. ఆ డ్రైను పక్క ఊరే, అక్కడే పుట్టి పెరిగాడట. నన్ను ఓదారుద్దామనో, నిజంగానే తెలుసుకుందామనో తెలియదు.

"మరైతే అసలు మార్పు ఎలాగుంటుందండి?" అని అడిగాడు. "చిన్నప్పటి నుంచి పడుతున్నాం, తింటున్నాం. నాకు తెలిసిన మార్పు ఆ ఫ్లెక్సీ మీదున్నదేనండి."

ఎలాగుంటుందో చెబుదామని నోరు తెరిచాను. నల్లగా, సన్నగా అన్నాను. మీసాలు అన్నాను. అతను వాటికీ ఉంటాయండి అన్నాడు. నిజమే, ఉంటాయి. రోడ్డు మీద నిలబడి చేతులతో పొడుగు కొలిచి చూపించాను. అతను ఓపిగ్గా చూశాడు. పద, చూపిస్తానని అతన్ని ఏ బోదె దగ్గరికి తీసుకెళ్ళను? చేతులు దించేసి, ఇప్పుడు లేదు బాబూ అన్నాను.